ఏ సౌండ్ కార్డు కొనాలి? – ఒక ప్రశ్న చరిత్ర

కంప్యూటర్‌లో అంకెల రూపంలో ఉన్న ధ్వనిని స్పీకర్లకు, హెడ్‌ఫోన్లకు పనికొచ్చే విద్యుత్ సంకేతంగా మార్చే సర్క్యూట్ బోర్డు సౌండ్ కార్డు. మైకు నుంచి వచ్చే సంకేతాన్ని అంకెలుగా మార్చే పని కూడా దానిదే. 1987 మొదలు సుమారు ఇరవయ్యేళ్లపాటు, ఆటల కోసం కంప్యూటర్ కట్టించుకునేవారు ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డులతో పాటు ఎంతో ఆలోచించి ఎంచుకున్న భాగమిది. ఆ ఎంపికకు కొలబద్ద మాత్రం కాలానికొకటిగా మారుతూ వచ్చింది. మొదట చూసింది ఆటతో కార్డు కుదురుతుందా లేదా అన్నది. తర్వాత వాయిద్యాలు సహజంగా పలుకుతాయా అని చూశారు. ఆ తర్వాత శత్రువు అడుగుల చప్పుడు ఏ దిక్కు నుంచి వస్తోందో తెలుస్తుందా అని అడిగారు. చివరికి గరగర లేని శుభ్రమైన శబ్దం ఒక్కటే ప్రమాణంగా మిగిలింది. ఈ మార్పులను నడిపించింది కొనేవారి చెవి కన్నా ఆటలు రాసే ప్రోగ్రామర్ల చెయ్యి. వాళ్లు ఏ కార్డుకు కోడ్ రాశారో ఆ కార్డే మార్కెట్‌లో నిలిచింది. ఆ కోడ్‌కూ కార్డుకూ మధ్య ఉన్న దారిని ఆపరేటింగ్ సిస్టమ్ మూసేశాక కార్డుకు పని తగ్గిపోయింది.

బీప్ ఒక్కటే ఉన్న రోజులు

1981 ఆగస్టులో వచ్చిన ఐబీఎం పర్సనల్ కంప్యూటర్ ప్రధానంగా ఆఫీసు పనికి తయారైన యంత్రం. దాని పెట్టెలో చిన్న స్పీకర్ ఒకటి ఉండేది. ఇంటెల్ 8253 అనే టైమర్ చిప్ ఆ స్పీకర్‌కు కరెంటును ఆన్, ఆఫ్ చేస్తూ చతురస్ర తరంగాన్ని పుట్టించేది. ఒకసారికి ఒకటే స్వరం పలికేది. గట్టిగా, మెల్లగా అన్న తేడా ఉండేది కాదు. తప్పు జరిగినప్పుడు ‘బీప్’ అని హెచ్చరించడానికి అది చాలు, సంగీతానికి మాత్రం చాలదు.

అదే కాలంలో ఇళ్లలో వాడకానికి వచ్చిన కంప్యూటర్లు ఈ విషయంలో చాలా ముందున్నాయి. 1982 నాటి కమడోర్ 64లో బాబ్ యానెస్ రూపొందించిన సిడ్ చిప్ ఒకేసారి మూడు స్వరాలు పలికేది. ఒక్కో స్వరం ఎలా మొదలవ్వాలో, ఎలా తగ్గిపోవాలో ప్రోగ్రామర్ నిర్ణయించగలిగేవాడు. 1985లో వచ్చిన అమీగాలోని పౌలా చిప్ మరో మెట్టు ఎక్కింది. అది ముందే రికార్డు చేసిన శబ్దాలను నాలుగు ఛానళ్లలో, ఎడమకు రెండు, కుడికి రెండు చొప్పున వినిపించేది. ఐబీఎం తరహా యంత్రాల్లో 1984 నాటి టాండీ 1000 మూడు స్వరాలు, ఒక గరగర శబ్దం పలికే చిప్‌తో వచ్చింది. కానీ మిగతా పీసీలు చాలామటుకు బీప్ దగ్గరే ఆగిపోయాయి.

ఆ చిన్న స్పీకర్‌తోనే మాటలు పలికించడానికి కొందరు పూనుకున్నారు. యాక్సెస్ సాఫ్ట్‌వేర్ సంస్థ ‘రియల్‌సౌండ్’ అనే పద్ధతిలో స్పీకర్‌ను అతివేగంగా ఆన్, ఆఫ్ చేస్తూ రికార్డు చేసిన గొంతును వినిపించింది. ఇలాంటి పద్ధతుల్లో ప్రాసెసర్ సత్తువలో అధిక భాగం ధ్వనికే ఖర్చయ్యేది. తెర మీద బొమ్మలు నడవాలంటే ధ్వని పనిని వేరే చిప్‌కు అప్పగించక తప్పదు. పీసీలో అదనపు బోర్డులు గుచ్చుకోవడానికి ఐసా స్లాట్లు ఉండడం అందుకు దారి చూపింది. తయారీదారు ఇవ్వనిది వేరొకరు అమ్మడానికి అవి వీలు కల్పించాయి.

యాడ్‌లిబ్, రోలాండ్

ఆ అవకాశాన్ని అందిపుచ్చుకున్నది కెనడాలోని క్విబెక్ నగరానికి చెందిన యాడ్‌లిబ్ సంస్థ. దాని స్థాపకుడు మార్టిన్ ప్రెవెల్ లావాల్ విశ్వవిద్యాలయంలో సంగీత ఆచార్యుడిగా పనిచేసినవాడు. 1987లో విడుదలైన యాడ్‌లిబ్ మ్యూజిక్ సింథసైజర్ కార్డుకు గుండెకాయ యమహా వైఎం3812 చిప్. దీన్నే ఓపీఎల్2 అంటారు. అది ఎఫ్ఎం సింథసిస్ పద్ధతిలో ఒకేసారి తొమ్మిది స్వరాలు పలికేది.

ఎఫ్ఎం సింథసిస్ సూత్రాన్ని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జాన్ చౌనింగ్ 1967లో కనుగొన్నాడు. ఒక తరంగం పౌనఃపున్యాన్ని మరో తరంగంతో వేగంగా హెచ్చుతగ్గులు చేస్తే అనేక ఉపస్వరాలు నిండిన ధ్వని పుడుతుంది. ఆ రెండు తరంగాల నిష్పత్తిని మారిస్తే గంట, ఇత్తడి బూర, వీణ తీగ వంటి వేర్వేరు నాదాలను పోలిన శబ్దాలు వస్తాయి. ఈ పద్ధతి హక్కులు తీసుకున్న యమహా 1983లో డీఎక్స్7 కీబోర్డుతో సంగీత ప్రపంచంలో పెద్ద విజయం సాధించింది. శబ్దాన్ని రికార్డు చేసి దాచుకోనక్కర్లేదు, కొద్దిపాటి అంకెలు రాస్తే స్వరం తయారవుతుంది. మెమరీ ఖరీదుగా ఉన్న 1980ల పీసీకి ఇది సరిగ్గా నప్పింది.

కార్డు ఉన్నంత మాత్రాన ఎవరూ కొనరు, దాన్ని వాడుకునే ఆట కావాలి. ఆ లోటును అమెరికాలోని సియెరా ఆన్‌లైన్ తీర్చింది. 1988లో ఆ సంస్థ విడుదల చేసిన ‘కింగ్స్ క్వెస్ట్ 4’కు విలియం గోల్డ్‌స్టీన్ సంగీతం సమకూర్చాడు. విడిగా కొన్న సౌండ్ కార్డుల మీద సంగీతం వినిపించిన తొలి పెద్ద ఆటగా దానికి పేరు. అది యాడ్‌లిబ్‌తో పాటు జపాన్ సంస్థ రోలాండ్ తయారుచేసిన ఎంటీ-32 మీదా నడిచేది. 1987లో వచ్చిన ఎంటీ-32 కార్డు కాదు, సంగీతకారుల కోసం తయారైన విడి పరికరం. వాయిద్యం పలుకు మొదలయ్యే క్షణానికి అసలు రికార్డింగు ముక్కను వాడి, తర్వాతి నాదాన్ని కృత్రిమంగా కొనసాగించేది. కాబట్టి దాని వేణువు వేణువులాగే వినిపించేది. ధర మాత్రం వందల డాలర్లు, పైగా పీసీకి కలపడానికి వేరే కార్డు కావాలి. సియెరా ఈ పరికరాలను తానే తన కొనుగోలుదారులకు అమ్మింది కూడా. చౌకగా సంగీతం కావాలంటే యాడ్‌లిబ్, శ్రేష్ఠమైనది కావాలంటే రోలాండ్ అన్న తొలి ఎంపిక ఆటగాడి ముందుకు అలా వచ్చింది.

సింగపూర్ నుంచి వచ్చిన కార్డు

ఈ రెండింటికీ ఒక కొరత ఉంది. అవి సంగీతం పలికేవి కానీ తుపాకీ పేలుడునో మనిషి మాటనో రికార్డు చేసినట్లు వినిపించలేకపోయేవి. ఆ కొరతను పూడ్చింది సింగపూర్‌కు చెందిన క్రియేటివ్ టెక్నాలజీ. సిమ్ వాంగ్ హూ, ఎన్‌గ్ కాయ్ వా అనే ఇద్దరు చిన్ననాటి స్నేహితులు 1981లో చైనాటౌన్ ప్రాంతంలో కంప్యూటర్ మరమ్మతు దుకాణంగా దాన్ని మొదలుపెట్టారు. మాట, సంగీతం పలికే క్యూబిక్ సీటీ అనే సొంత కంప్యూటర్‌ను 1986లో తెచ్చారు కానీ అది అమ్ముడుపోలేదు. దాని నుంచి ధ్వని భాగాన్ని విడదీసి విడి కార్డుగా అమ్మాలన్న ఆలోచన తర్వాతిది. 1987లో వచ్చిన క్రియేటివ్ మ్యూజిక్ సిస్టమ్‌లో రెండు ఫిలిప్స్ చిప్‌లు కలిసి పన్నెండు స్వరాలు పలికేవి. మరుసటి ఏడాది అమెరికాలో ‘గేమ్ బ్లాస్టర్’ పేరుతో దాన్ని అమ్మారు. స్వరాల లెక్కలో యాడ్‌లిబ్ కన్నా ఎక్కువే అయినా నాదంలో పలచన. ఆటలు రాసేవారు అప్పటికే యాడ్‌లిబ్‌కు అలవాటు పడడంతో అది నిలదొక్కుకోలేదు.

ఆ ఓటమి నేర్పిన పాఠం 1989 నవంబరులో సౌండ్ బ్లాస్టర్‌గా రూపు కట్టింది. అందులో యాడ్‌లిబ్ వాడిన వైఎం3812 చిప్పే ఉంది. అంటే యాడ్‌లిబ్ కోసం రాసిన ప్రతి ఆటా దాని మీద మారుమాట లేకుండా నడుస్తుంది. దానికి తోడు రికార్డు చేసిన శబ్దాన్ని 8 బిట్ల నాణ్యతతో వినిపించే భాగం, మైకు నుంచి రికార్డు చేసుకునే భాగం ఉన్నాయి. జాయ్‌స్టిక్ తగిలించుకునే గేమ్ పోర్టు కూడా ఆ కార్డు మీదే ఉంది. అప్పటి పీసీలు చాలావాటికి గేమ్ పోర్టు ఉండేది కాదు, దానికి విడిగా కార్డు కొనాల్సి వచ్చేది. రెండు కార్డుల పని ఒకే స్లాట్‌లో, రెండు ఖర్చులు ఒకే ధరలో తీరిపోవడం కొనేవారిని ఆకట్టుకుంది.

1991 నాటి సౌండ్ బ్లాస్టర్ ప్రో స్టీరియో తెచ్చింది. 1992లో వచ్చిన సౌండ్ బ్లాస్టర్ 16 సంగీత సీడీతో సమానమైన 16 బిట్లు, 44.1 కిలోహెర్ట్జ్ స్థాయిని అందుకుంది. అదే ఏడాది యాడ్‌లిబ్ దివాలా తీసింది. దాని తర్వాతి తరం కార్డు యాడ్‌లిబ్ గోల్డ్ ఆలస్యంగా వచ్చేసరికి ఆటలన్నీ సౌండ్ బ్లాస్టర్ వైపు మళ్లిపోయాయి. 1992లోనే క్రియేటివ్ అమెరికాలోని నాస్‌డాక్ స్టాక్ మార్కెట్‌లో నమోదైంది, ఆ గడప తొక్కిన తొలి సింగపూర్ సంస్థ అదే. ‘సౌండ్ బ్లాస్టర్‌తో పొందిక’ అన్న మాట పోటీదారులు సైతం తమ డబ్బాల మీద అచ్చు వేసుకోక తప్పని హామీగా మారింది.

డాస్ కాలపు చిక్కులు

పొందికకు అంత విలువ రావడానికి కారణం డాస్. ఆ ఆపరేటింగ్ సిస్టమ్‌లో ధ్వనికి ఉమ్మడి ఏర్పాటంటూ లేదు. ప్రతి ఆటా నేరుగా కార్డుతోనే మాట్లాడాలి. కార్డు ఏ పోర్టు చిరునామాలో ఉంది, ప్రాసెసర్‌ను పిలవడానికి ఏ ఐఆర్‌క్యూ సంఖ్య వాడుతోంది, మెమరీ నుంచి శబ్దాన్ని ఏ డీఎంఏ ఛానల్ మీద లాగుతోంది అన్న మూడు అంకెలూ ఆటకు తెలియాలి. సౌండ్ బ్లాస్టర్‌కు సాధారణంగా అవి 220, 5, 1. ఈ అంకెలను కార్డు మీది చిన్న జంపర్లతో అమర్చి, కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు చదివే ఆటోఎగ్జెక్ ఫైలులో ఒక వరుసగా రాసి ఉంచేవారు. ప్రింటర్ పోర్టో మరో కార్డో అదే ఐఆర్‌క్యూ వాడుకుంటే ఆట మధ్యలో శబ్దం ఆగిపోయేది, ఒక్కోసారి యంత్రమే బిగుసుకుపోయేది. కాబట్టి అందరూ వాడే కార్డును, అందరూ వాడే అంకెలతో పెట్టుకోవడమే క్షేమం.

1990ల తొలి సగంలో సౌండ్ కార్డుకు సీడీ-రామ్ తోడైంది. మైక్రోసాఫ్ట్, మరికొన్ని సంస్థలు కలిసి ‘మల్టీమీడియా పీసీ’ ప్రమాణాన్ని ప్రకటించాయి. ఆ పేరు వేసుకోవాలంటే సీడీ-రామ్ డ్రైవు, సౌండ్ కార్డు రెండూ ఉండాలి. సౌండ్ బ్లాస్టర్ ప్రో, 16 తరగతుల కార్డులు చాలావాటి మీద సీడీ డ్రైవు తగిలించే కనెక్టరు కూడా ఉండేది. డ్రైవు, కార్డు, స్పీకర్లు ఒకే డబ్బాలో పెట్టి ‘మల్టీమీడియా కిట్’గా అమ్మారు.

సంగీతం విషయంలో ఎఫ్ఎం నాదం పట్ల అసంతృప్తి ఈ కాలంలోనే పెరిగింది. 1991లో ఖరారైన జనరల్ మిడి ప్రమాణం 128 వాయిద్యాలకు స్థిరమైన సంఖ్యలు కేటాయించింది. దీంతో ఒకే పాట ఏ పరికరం మీదైనా అదే వాయిద్యాలతో పలికింది. అదే ఏడాది వచ్చిన రోలాండ్ సౌండ్ కాన్వాస్ ఎస్‌సీ-55 ఆట సంగీతకారులకు కొలబద్ద అయింది. నిజమైన వాయిద్యాల రికార్డింగుల నుంచి స్వరాలు కట్టే ఈ వేవ్‌టేబుల్ పద్ధతిని చౌక కార్డులోకి తెచ్చినది 1992 నాటి గ్రేవిస్ అల్ట్రాసౌండ్. ఇదీ కెనడా సంస్థదే. అది 32 ఛానళ్ల శబ్దాన్ని ప్రాసెసర్ సాయం లేకుండా తానే కలిపేది. కంప్యూటర్‌లో సంగీతం, దృశ్యాలు అల్లి ప్రదర్శించే యూరప్ ‘డెమో’ బృందాలు దాన్ని నెత్తిన పెట్టుకున్నాయి. అయినా అందులో ఓపీఎల్ చిప్ లేదు. సౌండ్ బ్లాస్టర్‌లా నటించే సాఫ్ట్‌వేర్ అన్ని ఆటల్లోనూ పనిచేయలేదు. నాదంలో మేలైన కార్డు పొందికలో వెనకబడి ఓడిపోవడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ లేదు.

క్రియేటివ్ 1993లో ఈము సిస్టమ్స్ అనే సింథసైజర్ల సంస్థను కొని, మరుసటి ఏడాది దాని చిప్‌తో ఏడబ్ల్యూఈ32 కార్డును విడుదల చేసింది. పాత ఓపీఎల్ చిప్, కొత్త వేవ్‌టేబుల్ రెండూ అందులో పక్కపక్కనే ఉన్నాయి. 1993 డిసెంబరులో ఐడీ సాఫ్ట్‌వేర్ విడుదల చేసిన ‘డూమ్’ ఆట సెటప్ తెరలో సంగీతానికి ఒక కార్డు, శబ్దాలకు మరో కార్డు విడివిడిగా ఎంచుకునే వీలుండేది. స్థోమత ఉన్నవారు రెంటినీ ఒకే పీసీలో పెట్టుకున్న కాలమది.

శబ్దానికి దిక్కు

విండోస్ 95 కోసం వచ్చిన డైరెక్ట్‌ఎక్స్ ఆటకూ కార్డుకూ మధ్య ఉమ్మడి భాషను ఏర్పాటు చేసింది. తయారీదారు విండోస్‌కు ఒక డ్రైవర్ రాసిస్తే చాలు, ఆట ఏ కార్డు మీదైనా నడుస్తుంది. పొందిక సమస్య సద్దుమణగడంతో పోటీ కొత్త రంగానికి మారింది. ‘క్వేక్’ వంటి త్రీడీ ఆటల్లో ఆటగాడు నలువైపులా తిరుగుతాడు. వెనకనుంచి వచ్చే శబ్దం వెనకనుంచే వినిపించాలి.

రెండు చెవులతో మనిషి దిక్కును ఎలా పోల్చుకుంటాడో లార్డ్ రేలీ 1907లోనే వివరించాడు. పక్కనుంచి వచ్చే శబ్దం ఒక చెవికి ముందు, రెండో చెవికి తర్వాత చేరుతుంది. ఆ ఎడం గరిష్ఠంగా సెకనులో వెయ్యోవంతుకు మూడింట రెండు వంతులు. తల అడ్డుపడడం వల్ల దూరపు చెవికి శబ్దం కొంత మందగిస్తుంది కూడా. పైన, కింద, ముందు, వెనక అన్న తేడాలు మాత్రం చెవి దొప్ప మడతలు శబ్దాన్ని మార్చే తీరు మీద ఆధారపడతాయి. ఈ మార్పులన్నిటినీ కలిపి గణితంగా రాస్తే వచ్చేది హెచ్‌ఆర్‌టీఎఫ్. ఏ శబ్దానికైనా దాన్ని వర్తింపజేస్తే హెడ్‌ఫోన్లలో కూడా ఆ శబ్దం బయట ఒక చోటు నుంచి వస్తున్నట్లు తోస్తుంది. 1980ల చివర్లో నాసా ఏమ్స్ పరిశోధన కేంద్రం కోసం క్రిస్టల్ రివర్ ఇంజినీరింగ్ సంస్థ ఈ పని చేసే కన్వాల్వోట్రాన్ యంత్రాన్ని నిర్మించింది.

ఆ సంస్థను 1996లో ఆరియల్ సెమీకండక్టర్ తనలో కలుపుకుంది. ఏ3డీ పేరుతో ఆ విద్య ఇంటి పీసీకి చేరింది. 1998లో వచ్చిన ఆరియల్ వోర్టెక్స్ 2 చిప్, దానితో డైమండ్ తయారుచేసిన మాన్‌స్టర్ సౌండ్ ఎంఎక్స్300 కార్డు ఆటగాళ్లలో గొప్ప పేరు తెచ్చుకున్నాయి. ఏ3డీ రెండో రూపం ఆటలోని గోడల ఆకృతిని తీసుకుని, శబ్దం ఏ గోడకు తగిలి ఎలా తిరిగొస్తుందో లెక్కగట్టేది. అదే 1998లో క్రియేటివ్ సౌండ్ బ్లాస్టర్ లైవ్‌ను తెచ్చింది. దాని ఈఎంయూ10కే1 చిప్ 64 శబ్దాలను కార్డు మీదే కలపగలదు. క్రియేటివ్ ఎంచుకున్న దారి ఈఏఎక్స్. గోడలను లెక్కించే శ్రమ లేకుండా గుహ, హాలు, సొరంగం వంటి పరిసరాలకు తగిన ప్రతిధ్వనిని ఆట పేర్కొంటే కార్డు దాన్ని జోడించేది. శాస్త్రీయంగా ఏ3డీది పైచేయి. ప్రోగ్రామర్‌కు మాత్రం ఈఏఎక్స్ సులువు. ఎక్కువ ఆటలు ఈఏఎక్స్‌ను ఆదరించాయి, 1998 నాటి ‘హాఫ్-లైఫ్’ రెంటినీ ఆదరించింది.

పోటీ కోర్టుకెక్కింది. పేటెంట్ ఉల్లంఘన ఆరోపణతో క్రియేటివ్ 1998లో ఆరియల్ మీద దావా వేసింది. 1999 డిసెంబరులో తీర్పు ఆరియల్‌కు అనుకూలంగా వచ్చినా, దావా ఖర్చులతో చితికిపోయిన ఆ సంస్థ 2000లో దివాలా రక్షణ కోరింది. దాని ఆస్తులను 3.2 కోట్ల డాలర్లకు కొన్నది క్రియేటివే. కమడోర్ చిప్ రూపకర్త యానెస్ సహస్థాపకుడిగా ఉన్న ఎన్సోనిక్‌ను కూడా 1998లో క్రియేటివ్ కొనేసింది. ఐసా తర్వాత వచ్చిన పీసీఐ స్లాట్‌లో పాత డాస్ ఆటలను నడిపించే నేర్పు ఎన్సోనిక్ నుంచి వచ్చిందే.

స్పీకర్లు పెరిగిన కాలం

హెచ్‌ఆర్‌టీఎఫ్ హెడ్‌ఫోన్లకు బాగా కుదిరింది. స్పీకర్లు వాడేవారికి సరళమైన ఉపాయం, వెనక నిజంగానే స్పీకర్లు పెట్టడం. క్రియేటివ్ 1997లో తనలో కలుపుకున్న కేంబ్రిడ్జ్ సౌండ్‌వర్క్స్ నాలుగు చిన్న స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్ ఉన్న సెట్లను లైవ్ కార్డులకు జోడుగా అమ్మింది. సినిమా హాళ్లలో 1992లో ‘బ్యాట్‌మన్ రిటర్న్స్’తో డాల్బీ డిజిటల్, 1993లో ‘జురాసిక్ పార్క్’తో డీటీఎస్ వచ్చాయి. తెలుగు ప్రేక్షకులకు డీటీఎస్ అన్న మాట థియేటర్ల ద్వారానే పరిచయం. డీవీడీలతో ఆ 5.1 అమరిక ఇంటికి చేరింది. ముందు మూడు, వెనక రెండు స్పీకర్లు, మంద్ర శబ్దాలకు ఒక సబ్‌వూఫర్. దానికి తగ్గట్టు కార్డులు 5.1, 6.1, 7.1 ఛానళ్లకు ఎదిగాయి. వెనక పలకలోని రంధ్రాలకు రంగులు స్థిరపడ్డాయి. ముందు స్పీకర్లకు ఆకుపచ్చ, వెనకవాటికి నలుపు, మధ్య స్పీకర్‌కూ సబ్‌వూఫర్‌కూ నారింజ, మైకుకు గులాబీ.

ఇక్కడ కొనేవారిని తికమకపెట్టిన విషయం ఒకటుంది. కార్డు నుంచి యాంప్లిఫయర్‌కు ఒకే తీగతో డిజిటల్ సంకేతం పంపే ఎస్‌పీడీఐఎఫ్ దారిలో, కుదించని శబ్దం రెండు ఛానళ్లే పడుతుంది. డీవీడీలోని 5.1 ముందే కుదించి ఉంటుంది కాబట్టి ఆ తీగలో సాగిపోతుంది. ఆటలోని 5.1 అప్పటికప్పుడు పుట్టేది కాబట్టి సాగదు. ఆటను సరౌండ్‌లో వినాలంటే మూడు అనలాగ్ తీగలైనా వాడాలి, లేదా ఆట శబ్దాన్ని ఎప్పటికప్పుడు డాల్బీ డిజిటల్‌గా మార్చే కార్డైనా ఉండాలి. 2001లో ఎన్విడియా ఎన్‌ఫోర్స్ మదర్‌బోర్డులలోని సౌండ్‌స్టార్మ్ ఈ పని చేసి చూపింది. తర్వాత ‘డాల్బీ డిజిటల్ లైవ్’ అన్న పేరు కార్డుల డబ్బాల మీద అమ్మకపు మాటగా మారింది.

మదర్‌బోర్డు, విస్టా

కార్డు ఉచ్చస్థితిలో ఉండగానే దాని కింది నేల కదలడం మొదలైంది. ఇంటెల్ 1997లో ఏసీ’97 ప్రమాణాన్ని ప్రకటించింది. ధ్వని లెక్కలు చిప్‌సెట్, ప్రాసెసర్ చూసుకుంటే, మదర్‌బోర్డు మీద ఒక చౌక కోడెక్ చిప్ దాన్ని అనలాగ్‌గా మారుస్తుంది. తైవాన్‌కు చెందిన రియల్‌టెక్ వంటి సంస్థల కోడెక్‌లు దాదాపు ప్రతి బోర్డు మీదికీ ఎక్కాయి. 2004లో వచ్చిన హెచ్‌డీ ఆడియో ప్రమాణం ఎనిమిది ఛానళ్లు, 192 కిలోహెర్ట్జ్ దాకా వీలు కల్పించింది. సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి బజార్లలో విడిభాగాలు కొని కంప్యూటర్ కట్టించుకునే మామూలు వాడకందారుకు ‘ఆన్‌బోర్డ్ సౌండ్’ సరిపోయింది.

ఆటగాడికి కార్డు ఇంకా అవసరమనడానికి రెండు కారణాలు చెప్పేవారు. ఒకటి, ధ్వని లెక్కలు కార్డు చేస్తే ప్రాసెసర్‌కు బరువు తగ్గి ఆట వేగం పెరుగుతుంది. రెండు, ఈఏఎక్స్ ఉన్నత స్థాయిలు క్రియేటివ్ కార్డుల మీదే దొరుకుతాయి. ఆ పట్టును నిలబెట్టుకోవడానికి క్రియేటివ్ పేటెంట్లను కూడా వాడింది. త్రీడీ దృశ్యంలో నీడలు గీసే ఒక పద్ధతి మీద దానికి పేటెంట్ ఉంది. ఐడీ సాఫ్ట్‌వేర్ ప్రోగ్రామర్ జాన్ కార్మాక్ అదే పద్ధతిని ‘డూమ్ 3’ కోసం స్వతంత్రంగా కనుగొన్నాడు. 2004లో కుదిరిన ఒప్పందం ప్రకారం ఆ ఆటలో ఈఏఎక్స్‌కు చోటు దక్కింది. 2005లో వచ్చిన క్రియేటివ్ కార్డు ఎక్స్-ఫై ఈ పరంపరకు శిఖరం. దాని చిప్‌లో 5.1 కోట్ల ట్రాన్సిస్టర్లు, అంటే 2002 నాటి పెంటియం 4 ప్రాసెసర్‌తో దాదాపు సమానం.

రెండేళ్లు తిరక్కుండానే ఆ శక్తికి దారి మూసుకుపోయింది. 2007 జనవరిలో వచ్చిన విండోస్ విస్టాలో మైక్రోసాఫ్ట్ ధ్వని వ్యవస్థను తిరగరాసింది. డ్రైవర్ తప్పు చేస్తే మొత్తం విండోస్ కూలిపోయే ప్రమాదాన్ని తగ్గించడానికి ధ్వనిని కలిపే పనిని విండోస్ మూలభాగమైన కెర్నల్ నుంచి బయటికి తెచ్చి తన సాఫ్ట్‌వేర్‌కు అప్పగించింది. డైరెక్ట్‌ఎక్స్‌లోని ధ్వని భాగమైన డైరెక్ట్‌సౌండ్ నుంచి కార్డు హార్డ్‌వేర్‌కు ఉన్న తోవ తీసేసింది. దాని మీద ఆధారపడ్డ ఈఏఎక్స్ ఆటలు ఒక్కసారిగా చదునైన స్టీరియోలోకి దిగిపోయాయి. క్రియేటివ్ ‘ఆల్కెమీ’ అనే సాఫ్ట్‌వేర్‌తో పాత ఆటల పిలుపులను ఓపెన్‌ఏఎల్ అనే మరో ధ్వని ఏర్పాటు దారిలోకి మళ్లించి కొంత కాపాడింది. కొత్త ఆటలు రాసేవారు మాత్రం ఆ వైపు చూడలేదు. బహుళ కోర్ల ప్రాసెసర్లు వచ్చాక ధ్వని లెక్కలు భారమనిపించలేదు. ఎఫ్‌మాడ్, వైజ్ వంటి ధ్వని ఇంజిన్లు పీసీకీ కన్సోళ్లకూ ఒకే కోడ్‌తో పనిచేసేవి. ఒక్క సంస్థ కార్డు కోసం వేరే కోడ్ రాయాల్సిన అవసరం తీరిపోయింది.

హెడ్‌ఫోన్ల కాలం

కార్డు పని అక్కడితో అనలాగ్ నాణ్యతకు కుదించుకుపోయింది. 2007లో క్సోనార్ వరుసతో ఆసుస్ ఈ రంగంలోకి దిగింది. 2009 నాటి దాని ఎసెన్స్ ఎస్‌టీఎక్స్ 124 డెసిబెళ్ల సంకేత-రొద నిష్పత్తిని, 600 ఓముల ఇంపిడెన్స్ ఉన్న హెడ్‌ఫోన్లను కూడా నడిపే యాంప్లిఫయర్‌ను ప్రచారం చేసుకుంది. ఈ తరగతి కార్డుల్లో ఈఏఎక్స్ పోటీ స్థానాన్ని యాంప్లిఫయర్, కన్వర్టర్ చిప్ పేర్లు తీసుకున్నాయి.

సరౌండ్ కూడా స్పీకర్ల నుంచి హెడ్‌ఫోన్లకు తిరిగొచ్చింది. 2016లో వచ్చిన ‘ఓవర్‌వాచ్’ ఆటలోనే హెడ్‌ఫోన్ల డాల్బీ అట్మాస్ ఉంది. 2017లో విండోస్ 10 సొంతంగా విండోస్ సోనిక్ అనే హెడ్‌ఫోన్ సరౌండ్‌ను చేర్చుకుంది. అదే ఏడాది వాల్వ్ సంస్థ గోడల ప్రతిధ్వనులను లెక్కించే స్టీమ్ ఆడియోను ఆట తయారీదారులకు ఉచితంగా ఇచ్చింది. ఆరియల్ కార్డు చిప్‌లో చేసిన పనే ఇది, ఇప్పుడు ప్రాసెసర్ మీద నడుస్తోంది. దీనివల్ల ఏర్పడిన ఒక చిక్కు ఆటగాళ్లకు బాగా తెలుసు. ఆట తానే హెచ్‌ఆర్‌టీఎఫ్ వర్తింపజేస్తున్నప్పుడు కార్డు డ్రైవర్‌లోని ‘వర్చువల్ 7.1’ కూడా తెరిచి ఉంచితే ఒకే మార్పు రెండుసార్లు జరుగుతుంది. దిక్కు తెలియకపోగా శబ్దం మసకబారుతుంది. రెండిట్లో ఒకటే ఉంచుకోవాలి.

ఈ చరిత్ర అంతా గడిచాక కొనుగోలు ప్రశ్నకు జవాబు చాలామటుకు తీగల మీద ఆధారపడింది. హెచ్‌డీఎంఐ ద్వారా టీవీకో రిసీవర్‌కో 5.1, 7.1 పంపేవారికి ధ్వని గ్రాఫిక్స్ కార్డు నుంచే వెళ్తుంది, సౌండ్ కార్డు ఆ దారిలోనే ఉండదు. 32 ఓముల మామూలు హెడ్‌సెట్ వాడేవారికి మంచి మదర్‌బోర్డు కోడెక్ చాలు. వీటిలో మేలైనవాటికి తయారీదారులు చెప్పే సంకేత-రొద నిష్పత్తి 120 డెసిబెళ్లు, ఇది సీడీ నాణ్యతకు సిద్ధాంతరీత్యా ఉన్న 96 డెసిబెళ్ల కన్నా ఎక్కువ. అయితే అది చిప్ లెక్క. బోర్డు మీద తీగల దారి సరిగా లేకపోతే గ్రాఫిక్స్ కార్డు పనిచేసినప్పుడల్లా హెడ్‌ఫోన్లో సన్నటి కీచు వినిపిస్తుంది. ఆ కీచు ఉన్నవారికి, 250 నుంచి 600 ఓముల హెడ్‌ఫోన్లు వాడేవారికి, అనలాగ్ 5.1 స్పీకర్లు ఇంకా ఉంచుకున్నవారికి విడి పరికరం అవసరం. 5.1 స్పీకర్ల కోసమైతే దాన్ని కొనేముందు ఛానళ్ల సంఖ్య చూసుకోవాలి, ఎందుకంటే బయటి యూఎస్‌బీ పరికరాలు ఎక్కువ శాతం స్టీరియోకే పరిమితం. విడి పరికరం కావలసిన మిగతావారికి యూఎస్‌బీయే మేలు. పెట్టె లోపలి విద్యుత్ రొదకు దూరంగా ఉండడం, ల్యాప్‌టాప్‌కూ తగిలించుకోగలగడం దాని అనుకూలతలు. 2018లో క్రియేటివ్ తెచ్చిన సౌండ్ బ్లాస్టర్ఎక్స్ జీ6 అలాంటిదే. సౌండ్ బ్లాస్టర్ పేరు ఇప్పటికీ అమ్ముడుపోతున్నా, ఆ పేరుతో వచ్చే పరికరం మదర్‌బోర్డు స్లాట్‌లోనే ఉండాలన్న నియమం లేదు.